పాత వీడియో క్యాసెట్లను డిస్కులకు ఎక్కించడం ఎలా: ఏ డిస్కు కొనాలి, రికార్డర్‌ను ఎలా అమర్చాలి, ఎప్పుడు ఫైనలైజ్ చేయాలి

హనుమకొండలో పాత క్యాసెట్లను డిస్కులకు ఎక్కించే పని మొదలుపెట్టిన నాటి నుండి నన్ను అందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. డీవీడీ రికార్డర్‌లో చక్కగా నడిచిన డిస్కు టీవీ కింద ఉన్న ప్లేయర్‌లో ఎందుకు నడవడం లేదు, కంప్యూటర్‌లో పెడితే ఖాళీ డిస్కు అని ఎందుకు చూపుతున్నది? దుకాణంలో ప్లస్ డిస్కు, మైనస్ డిస్కు అని రెండు ఉన్నాయి, ఏది కొనాలి? మూడు గంటల పెండ్లి క్యాసెట్టు ఒక్క డిస్కులో పడుతుందా? ఇంట్లో కూర్చుని మీరే ఈ పని పూర్తి చేసుకోగలిగేలా అన్నింటినీ వరుసగా రాస్తున్నాను. పని కష్టమైనది కాదు గాని ఓపిక కావాలి, ఎందుకంటే రెండు గంటల క్యాసెట్టును ఎక్కించడానికి పూర్తిగా రెండు గంటలు పడుతుంది, దానికి అడ్డదారి లేదు.

ఈ పనిని మరో వేసవికి వాయిదా వేయవద్దని మాత్రం ముందే చెబుతున్నాను. వీహెచ్‌ఎస్ క్యాసెట్టు 1976లో జపాన్‌లో పుట్టింది. వాటిని నడిపే యంత్రాలైన వీసీఆర్‌లను చివరి వరకు తయారుచేస్తూ వచ్చిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో వాటి తయారీని ఆపేసింది. కాబట్టి ఇప్పుడు నడుస్తున్న వీసీఆర్ ఎవరింట్లో ఉన్నా అది పాతదే, దాని రబ్బరు బెల్టులు, టేపును చదివే హెడ్డు రోజురోజుకూ అరుగుతున్నవే.

ముందు డిస్కుల సంగతి

డిస్కు మీద ముద్రించిన అక్షరాలను చదవడం వస్తే సగం సందేహాలు తీరిపోతాయి. చివర "ఆర్" అని మాత్రమే ఉంటే దాని మీద ఒక్కసారే రాయగలం, చెరపలేం. "ఆర్‌డబ్ల్యూ" అని ఉంటే చెరిపి మళ్ళీ రాయవచ్చు, సుమారు వెయ్యి సార్లు. మధ్యలో ఉన్న మైనస్, ప్లస్ గుర్తులు మంచి చెడులను తెలిపేవి కావు. రాసే పద్ధతిని రెండు కంపెనీల కూటములు వేర్వేరుగా రూపొందించినందువల్ల రెండు గుర్తులు వచ్చాయి. మీ రికార్డర్ ముందు భాగంలో లేదా దాని పుస్తకంలో ఏ గుర్తు ఉంటే ఆ డిస్కే కొనండి. రెండూ ఉంటే, ఇంట్లో చూసుకోవడానికి చేసే డిస్కుకు నేను మైనస్ ఆర్‌నే సూచిస్తాను, ఎందుకంటే చుట్టాల ఇళ్ళలో ఉన్న బాగా పాత ప్లేయర్లు కూడా ఎక్కువగా దాన్నే ఒప్పుకుంటాయి.

మామూలు డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. కంప్యూటర్ దాన్ని 4.38 అని చూపుతుంది. దుకాణదారుడు మోసం చేశాడని నాతో చెప్పినవాళ్ళు ఉన్నారు, కానీ లోపం ఏమీ లేదు, కంప్యూటర్ లెక్క వేసే పద్ధతి వేరు, అంతే. డీఎల్ అని రాసి ఉన్న రెండు పొరల డిస్కులో 8.5 జీబీ పడుతుంది గాని పాత రికార్డర్లలో చాలావాటికి అది తెలియదు, అందువల్ల క్యాసెట్ల పనికి దాని జోలికి పోకండి. డీవీడీ-ర్యామ్ అనే మరో రకం ఉంది. అది లక్ష సార్లు చెరిపి రాసినా తట్టుకుంటుందని చెబుతారు, కానీ దాని గుర్తు ఉన్న యంత్రాల్లో తప్ప మరెక్కడా నడవదు కాబట్టి చుట్టాలకు పంచడానికి పనికిరాదు. బ్లూ-రే డిస్కులో 25 జీబీ పడుతుంది, దాని అవసరం చివరలో, దాచిపెట్టే దగ్గర వస్తుంది.

హ్యాండీక్యామ్‌లలో వాడిన చిన్న డిస్కు వెడల్పు 8 సెంటీమీటర్లు, అందులో 1.4 జీబీ, అంటే మామూలు నాణ్యతలో అరగంట పడుతుంది. దాన్ని కంప్యూటర్‌లో పెట్టేటప్పుడు బయటికి వచ్చే ట్రేలోని లోపలి గుంటలో సరిగ్గా కూర్చోబెట్టాలి. డిస్కును సందులోకి లాగేసుకునే రకం డ్రైవ్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, లోపల ఇరుక్కుంటుంది.

కావలసినవి

పని చేస్తున్న వీసీఆర్, డీవీడీ రికార్డర్, టీవీ, రెండు జతల ఏవీ (ఆడియో-వీడియో) తీగలు, కనీసం ఐదు ఖాళీ డిస్కులు, వాటితోపాటు ఒక ఆర్‌డబ్ల్యూ డిస్కు. ఈ చివరిది ప్రయోగాలకు. దాని మీద ఐదు నిమిషాలు రికార్డు చేసి చూసుకుంటే మంచి డిస్కు వృథా కాదు. ఇన్వర్టర్ తప్పనిసరి అని నా అభిప్రాయం, కారణం ఏడో మెట్టులో చెబుతాను.

రికార్డర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నవారు ముందు దాని వెనుక భాగం చూడండి. ప్లేయరూ రికార్డరూ ముందు నుండి ఒకేలా ఉంటాయి గాని ప్లేయర్‌కు వెనుక సిగ్నల్ బయటికి పంపే రంధ్రాలు మాత్రమే ఉంటాయి, రికార్డర్‌కు లోపలికి తీసుకునే రంధ్రాలు కూడా ఉంటాయి. ఒక ఖాళీ డిస్కు వెంట తీసుకెళ్ళి, అమ్మేవారి ముందే రెండు నిమిషాలు రికార్డు చేయించి, ఫైనలైజ్ (వేరే ప్లేయర్లలోనూ నడిచేలా డిస్కును ముగించడం) చేయించి, ఆ డిస్కును మరో ప్లేయర్‌లో నడిపించి చూసిన తరువాతే డబ్బు ఇవ్వండి. చదవడం బాగున్నా రాయలేని స్థితిలో లేజర్ ఉన్న యంత్రాలు చాలా ఉన్నాయి.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు చాలా ఇళ్ళలో గల్ఫ్ నుండి తెచ్చిన వీసీఆర్‌లు ఉన్నాయి. వాటిలో చాలావరకు రెండు మూడు రంగు పద్ధతులను నడపగలవు కాబట్టి అవి ఈ పనికి మంచివి. అయితే అమెరికా నుండి గాని గల్ఫ్ నుండి గాని వచ్చిన ఏ యంత్రాన్నైనా ప్లగ్గులో పెట్టే ముందు దాని వెనుక ఎన్ని వోల్టులు అని రాసి ఉందో చదవండి. 110 మాత్రమే అని ఉంటే మన కరెంటుకు నేరుగా కలపకూడదు.

పని వరుస

1. క్యాసెట్టును పరీక్షించండి. వెలుతురులో పట్టుకుని కిటికీ లాంటి పారదర్శక భాగం గుండా టేపు చుట్టను చూడండి. నల్లగా, నున్నగా మెరుస్తూ ఉండాలి. చుట్ట అంచు మీద పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తే అది బూజు. వానకాలంలో అటక మీద, గోడను ఆనుకుని ఉన్న బీరువాలో పెట్టిన క్యాసెట్లకు ఇది పడుతుంది. బూజు పట్టినదాన్ని వీసీఆర్‌లో పెట్టారంటే హెడ్డు మూసుకుపోవడమే కాక తరువాత పెట్టే మంచి క్యాసెట్టుకూ ఆ బూజు అంటుతుంది. దాన్ని విడిగా సంచిలో కట్టి, శుభ్రం చేయడం తెలిసిన వారికి ఇవ్వండి. బూజు లేకపోతే క్యాసెట్టు వెనుక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలుకును విరిచేయండి. ఆ పలుకు లేని క్యాసెట్టు మీద పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఏమీ చెరగదు.

2. టేపును ఒకసారి చివరి వరకు ముందుకు, మళ్ళీ మొదటికి తిప్పండి. ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఇలా తిప్పితే బిగువు సమంగా సర్దుకుంటుంది. తిరిగేటప్పుడు కిర్రుమనే చప్పుడు వస్తే వెంటనే ఆపండి.

3. తీగలు కలపండి. వీసీఆర్ అవుట్ నుండి రికార్డర్ ఇన్‌కు ఒక జత, రికార్డర్ అవుట్ నుండి టీవీకి రెండో జత. పసుపు రంగుది బొమ్మకు, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి. వీసీఆర్‌కు శబ్దపు రంధ్రం ఒక్కటే ఉంటే తెల్ల తీగను మాత్రమే కలపండి. ఇక్కడ జరిగే అతి సాధారణమైన పొరపాటు అవుట్‌ను అవుట్‌కే కలపడం. తెర నల్లగానో నీలంగానో ఉంటే ముందు తీగలు చూడండి, తరువాత రికార్డర్ రిమోట్‌తో ఇన్‌పుట్ మార్చి చూడండి. ఏవీ1, ఏవీ2 అని గాని ఎల్1, ఎల్2 అని గాని తెర మూలన కనిపిస్తుంది.

మినీ డీవీ క్యాసెట్టు ఉన్నవారికి ఇంకా మంచి దారి ఉంది. రికార్డర్ ముందు భాగంలో డీవీ అని రాసిన చిన్న రంధ్రం ఉంటే క్యామెరాను ఒకే తీగతో దానికి కలపండి, పసుపు తీగతో వచ్చేదానికంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది.

4. రంగు పద్ధతి సరిచూడండి. మన క్యాసెట్లు పాల్ పద్ధతివి, అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ తీసి పంపిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీవి. బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చినా, మెట్లు మెట్లుగా దొర్లుతున్నా కారణం సాధారణంగా ఇదే. రికార్డర్ సెట్టింగులో పద్ధతిని మార్చండి. రెండు పద్ధతుల క్యాసెట్లను ఒకే డిస్కులో కలపవద్దు.

5. నాణ్యత ఎంచుకోండి. రికార్డర్లలో సాధారణంగా నాలుగు స్థాయిలు ఉంటాయి: ఎక్స్‌పీలో ఒక డిస్కుకు గంట, ఎస్‌పీలో రెండు గంటలు, ఎల్‌పీలో నాలుగు గంటలు, ఈపీలో ఆరు గంటలు. కొన్ని కంపెనీలు ఎక్స్‌పీని హెచ్‌క్యూ అంటాయి. డబ్బు ఆదా అవుతుందని మూడు గంటల పెండ్లిని ఈపీలో ఒకే డిస్కుకు ఎక్కించినవాళ్ళు తరువాత చాలా బాధపడ్డారు. తలంబ్రాలు పోసేటప్పుడు, బరాత్‌లో జనం ఆడేటప్పుడు, అంటే తెర నిండా కదలిక ఉన్న ప్రతిచోటా బొమ్మ చిన్న చిన్న గళ్ళుగా విడిపోతుంది, ఆ తరువాత దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. అలాగని ఎక్స్‌పీ వల్ల కూడా పెద్ద లాభం లేదు, ఎందుకంటే వీహెచ్‌ఎస్ టేపులోనే అంత వివరం లేదు. ఎస్‌పీ సరైనది. మూడు గంటల క్యాసెట్టును రెండు డిస్కులుగా చేయండి. ఎక్కడ విడగొట్టాలో ముందే చూసి పెట్టుకోండి, అప్పగింతల మధ్యలో డిస్కు అయిపోతే చూసేవారికి ప్రాణం ఉసూరుమంటుంది.

6. డిస్కు పెట్టి రికార్డు చేయండి. ఆర్‌డబ్ల్యూ డిస్కు పెడితే రికార్డర్ మిమ్మల్ని వీఆర్ పద్ధతా, వీడియో పద్ధతా అని అడగవచ్చు. వీఆర్‌లో ముక్కలు కోయడం, వరుస మార్చడం సులభం గాని ఆ డిస్కు మామూలు ప్లేయర్లలో నడవదు. చుట్టాలకు ఇవ్వదలచుకుంటే వీడియో పద్ధతినే ఎంచుకోండి. ముందు రికార్డర్‌లో రికార్డు నొక్కి పాజ్‌లో ఉంచి, వీసీఆర్‌లో ప్లే నొక్కి, ట్రాకింగ్ బటన్‌తో తెర మీది అడ్డగీతలు పోయేవరకు సరిచేసి, ఆ తరువాత పాజ్ తీయండి. తెర అట్టడుగున సన్నటి గీత ఒకటి వణుకుతూ మిగిలిపోతే కంగారు పడకండి, అది అన్ని వీహెచ్‌ఎస్ టేపుల్లోనూ ఉండేదే, టీవీ తెర అంచు దాన్ని ఇన్నాళ్ళూ కప్పి ఉంచింది.

మధ్యలో "కాపీ చేయడానికి వీలులేదు" అన్న హెచ్చరిక వస్తే, అది కొన్న సినిమా క్యాసెట్టు అయితే దాన్ని అక్కడితో వదిలేయండి. మీ సొంత పెండ్లి క్యాసెట్టుకే అలా వస్తే, టేపు బలహీనపడి సిగ్నల్ వణుకుతున్నందువల్ల రికార్డర్ పొరపడుతున్నదని అర్థం. మరో వీసీఆర్‌తో ప్రయత్నించండి, చాలాసార్లు సరిపోతుంది.

7. ఫైనలైజ్ చేయండి. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. రికార్డింగు ముగిసినంత మాత్రాన డిస్కు పూర్తి కాలేదు. ఏ దృశ్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలిపే పట్టికను, డిస్కు హద్దులను రికార్డర్ ఇంకా అన్ని ప్లేయర్లు చదవగలిగేలా రాయలేదు, తనకు మాత్రమే తెలిసే తాత్కాలిక రూపంలో ఉంచింది. అందుకే ఆ రికార్డర్‌లో డిస్కు నడుస్తుంది, బయట ఎక్కడ పెట్టినా ఖాళీగా కనిపిస్తుంది. సెటప్‌లోనో డిస్కు మెనూలోనో ఫైనలైజ్ అని ఉంటుంది, దాన్ని నొక్కి, పూర్తయిందని తెర మీద వచ్చేవరకు తాకకండి. సాధారణంగా కొన్ని నిమిషాలే పడుతుంది, కానీ కొంచెమే రికార్డు చేసిన డిస్కుకు ఒక్కోసారి నిండిన డిస్కు కంటే ఎక్కువ సమయం పడుతుంది, అది చెడిపోయిన లక్షణం కాదు. ఈ కొన్ని నిమిషాల్లో కరెంటు పోతే డిస్కు పోయినట్టే, ఇన్వర్టర్ అవసరం అందుకే.

మైనస్ ఆర్, ప్లస్ ఆర్ రెండింటికీ ఇది తప్పనిసరి. మైనస్ ఆర్‌డబ్ల్యూకు వీడియో పద్ధతిలో అవసరం. ప్లస్ ఆర్‌డబ్ల్యూకు, ర్యామ్‌కు అక్కరలేదు. ఫైనలైజ్ చేసిన మైనస్ ఆర్, ప్లస్ ఆర్ డిస్కుల్లో ఎంత ఖాళీ మిగిలినా ఇక ఏమీ కలపలేరు, కాబట్టి నొక్కే ముందు అంతా ఎక్కిందో లేదో చూసుకోండి. ఏ రికార్డర్‌లో రాశారో ఆ రికార్డర్‌లోనే ఫైనలైజ్ చేయండి. రికార్డర్‌ను అమ్మే ముందు, ఎవరికైనా ఇచ్చే ముందు ఇంట్లో ఉన్న డిస్కులన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూడండి.

ఫైనలైజ్ చేయకుండానే యంత్రం పోతే

పరకాల నుండి ఒక తల్లి హ్యాండీక్యామ్ చిన్న డిస్కు ఒకటి చేతిరుమాలులో చుట్టి తెచ్చింది. హ్యాండీక్యామ్‌ను కొడుకు ఎప్పుడో అమ్మేశాడు. "అందరు ఖాళీ డిస్కంటున్నరు సారూ, మా అత్తమ్మ గొంతు గిండ్లనే ఉన్నది," అన్నది. డిస్కును ట్యూబులైటు కింద ఏటవాలుగా తిప్పి చూపించాను. నడిమి రంధ్రం చుట్టూ వేలెడు వెడల్పున ఒక పట్టీ మిగతా భాగం కంటే కొద్దిగా ముదురు రంగులో కనిపించింది, దాని అంచు దారంతో గీసినట్టు స్పష్టంగా ఉంది. ఆ పట్టీయే రికార్డింగు. కంప్యూటర్‌లో ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో డిస్కును వెతికితే ఇరవై రెండు నిమిషాలు దొరికాయి. ఒడిబియ్యం పోస్తూ ఆ పెద్దమ్మ కోడలిని పేరు పెట్టి పిలుస్తున్నది.

మీ దగ్గర అలాంటి డిస్కు ఉంటే ముందు ఈ పరీక్ష చేయండి. ముదురు పట్టీ ఉంటే ఆశ ఉంది. అదే కంపెనీకి చెందిన, అదే కాలపు రికార్డర్ గాని హ్యాండీక్యామ్ గాని చుట్టాల దగ్గర దొరికితే అందులో పెట్టి ఫైనలైజ్ ప్రయత్నించవచ్చు, కానీ నా సలహా, ముందు కంప్యూటర్‌లో పైన చెప్పినట్టు కాపీ తీసుకుని ఆ తరువాతే అందులో పెట్టండి. డిస్కు పెట్టగానే ఈ డిస్కును ఎలా వాడదలచుకున్నారు అని, లేదా ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటర్ అడుగుతుంది. రద్దు నొక్కండి. అక్కడ ఒప్పుకుంటే ఉన్నది కూడా పోయే ప్రమాదం ఉంది.

వీఆర్ పద్ధతిలో రాసిన డిస్కు అయితే కంప్యూటర్‌లో పేరు చివర వీఆర్‌ఓ అనే తోకతో ఒకే పెద్ద ఫైలు కనిపిస్తుంది. దాన్ని హార్డ్‌డిస్కుకు కాపీ చేసుకుని వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరవండి, చాలావరకు అలాగే నడుస్తుంది. నడవకపోతే తోకను ఎంపీజీగా మార్చి చూడండి.

పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

మొదటి ఐదు నిమిషాలు చూసి డబ్బాలో పెట్టేయవద్దు. డిస్కు మీద రాత లోపలి నుండి బయటి అంచు వైపు సాగుతుంది, లోపాలు ఎక్కువగా వచ్చేది బయటి అంచు దగ్గరే, అంటే సినిమా చివరలో. అందుకని చివరి పది నిమిషాలు తప్పక చూడండి, అక్కడ మాటకూ పెదవి కదలికకూ పొంతన ఉందో లేదో కూడా గమనించండి. ఆ తరువాత రికార్డర్ కాని మరో ప్లేయర్‌లో పెట్టండి.

వీటన్నిటికంటే నమ్మదగిన పరీక్ష కంప్యూటర్‌లో ఉంది. డిస్కును తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డరు కనిపించాలి, అందులో ఒక్కొక్కటి సుమారు ఒక జీబీ ఉన్న వీఓబీ ఫైళ్ళు ఉండాలి. ఆ ఫోల్డరును మొత్తంగా హార్డ్‌డిస్కుకు కాపీ చేయండి. తప్పు చూపకుండా చివరి వరకు కాపీ అయితే డిస్కులో ప్రతి భాగం చదవడానికి వస్తున్నట్టే. మధ్యలో ఆగి చాలాసేపు గిరగిర తిరుగుతుంటే ఆ డిస్కును నమ్మకుండా మరొకటి చేయండి. నాసిరకం డిస్కులు ఈ పరీక్షలోనే బయటపడతాయి. కంప్యూటర్‌లో కాపీలు రాసేటప్పుడు డిస్కు మీద 16ఎక్స్ అని ఉన్నా 8ఎక్స్ వేగంతో రాయండి, రాసిన తరువాత సరిచూసే వెరిఫై గుర్తును తీసేయకండి.

ఇలా కాపీ అయిన ఫోల్డరే మీ రెండో ప్రతి. ఫోనులో చూడాలనుకునేవారు హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌తో దాన్ని ఎంపీ4గా మార్చుకోవచ్చు. మార్చేటప్పుడు డీఇంటర్‌లేస్ అనే సెట్టింగు పెట్టకపోతే చెయ్యి ఊపినచోటల్లా దువ్వెన పళ్ళ లాంటి గీతలు వస్తాయి. పాత ఫోల్డరును మాత్రం తీసేయకండి, మార్పిడి ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

రికార్డర్ అసలు దొరకనివారు యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో వీసీఆర్‌ను నేరుగా కంప్యూటర్‌కు కలపవచ్చు. డిస్కు, ఫైనలైజ్ గొడవ ఉండదు. చవక పరికరాల్లో శబ్దం మెల్లమెల్లగా వెనుకబడుతుంది కాబట్టి గంట దాటిన చోట పెదవుల పరీక్ష ఇంకా జాగ్రత్తగా చేయండి.

దాచిపెట్టడం

డిస్కు మీద బాల్‌పెన్నుతో రాయవద్దు, కాగితం అంటించవద్దు. డిస్కుల కోసం అమ్మే మెత్తని మార్కర్‌తో నడిమి పారదర్శక భాగంలో తేదీ, పేరు రాయండి. తుడవవలసి వస్తే మెత్తటి గుడ్డతో నడిమి నుండి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా రుద్దితే పడే గీత రాత పొడవునా సాగుతుంది. వరంగల్ ఎండలో కారు అద్దం కింద వదిలిన డిస్కు వంగిపోతుంది, దాని రంగు పొర కూడా దెబ్బతింటుంది. డబ్బాలో నిలువుగా, చల్లగా, తడిలేని చోట పెట్టండి. పిల్లల కాలానికి కూడా ఉండాలనుకునే ఒకటి రెండు క్యాసెట్లను మాత్రం ఎమ్-డిస్కు రకం బ్లూ-రేలో రాయించుకోండి. అందులో మామూలు డీవీడీ-ఆర్‌లో ఉండే సేంద్రియ రంగు పొర ఉండదు, కానీ అది రాయగల డ్రైవ్ కావాలి.

ఎక్కించిన క్యాసెట్టును పారవేయకండి. మొదటి వరకు తిప్పి, పలుకు విరిచినది విరిచినట్టే ఉంచి, అట్టడబ్బాలో నిలువుగా పెట్టి, ఏ డిస్కులో దాని ప్రతి ఉన్నదో డబ్బా మీద రాసి పెట్టండి.